అమ్మకం 9 శాతం పెరిగింది, చేతిలో డబ్బు మాత్రం ఆడటం లేదు: డిస్ట్రిబ్యూషన్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

తెనాలి_లైన్ (ప్రశ్న):
గుంటూరు కేంద్రంగా తెనాలి, పొన్నూరు, బాపట్ల, రేపల్లె లైన్లలో వైర్లు, మాడ్యులర్ స్విచ్‌లు, ఎంసీబీలు (ట్రిప్ స్విచ్‌లు), ఎల్ఈడీలు, ఫ్యాన్ల డిస్ట్రిబ్యూషన్. జీఎస్టీ కాకుండా నెల అమ్మకం సగటున 60 లక్షలు, నిరుడు 55. అందులో సగం వైర్లే. స్కీములు కలుపుకొని గ్రాస్ మార్జిన్ 7 శాతం. వడ్డీ కాక నెల ఖర్చు 2.1 లక్షలు. గోడౌన్‌లో సరుకు 90 లక్షలు, డీలర్ల బాకీ 1.2 కోట్లు, కంపెనీలకు కట్టాల్సింది 30 లక్షలు.

విజయవాడ రేటు ఇవ్వకపోతే డీలరు ఆర్డరు ఇవ్వడు, ఇస్తే 60 రోజులకు గానీ డబ్బు రాదు. బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్ అప్పు) లిమిట్ నెలంతా నిండే ఉంటోంది. ఈ క్వార్టర్ ఎండింగ్‌కు వైర్ల కంపెనీ ఇంకో 15 లక్షల సరుకు ఎత్తమంటోంది (కొనమంటోంది). ఎత్తితే ఈ క్వార్టర్ కొనుగోలు కోటికి చేరి, మొత్తం మీద 1 శాతం అదనపు డిస్కౌంట్ స్లాబ్ వస్తుంది. ఎత్తాలా? లేక ఇంకో బ్రాండు తీసుకుని అమ్మకం పెంచుకోవాలా?

రాగి_లెక్క:
ముందు ఆ 9 శాతాన్ని విడగొట్టండి. వైర్లను రూపాయల్లో కాదు, కాయిళ్లలో (చుట్టల్లో) లెక్కపెట్టాలి. ట్యాలీలో (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) స్టాక్ సమ్మరీ తీసి 1, 1.5, 2.5, 4 స్క్వేర్ ఎంఎం సైజులు ఒక్కోటి నిరుడు ఎన్ని, ఈ ఏడు ఎన్ని అని పక్కపక్కన పెట్టండి. వైరు ధర 15 శాతం పెరిగి ఉంటే, అమ్మకంలో వైర్ల వాటా సగం కాబట్టి మీ 9 శాతంలో ఏడుకు పైనే ధర వల్ల వచ్చిందే. నిజంగా పెరిగింది చాలా తక్కువ. పైగా అవే కాయిళ్లు తిప్పడానికి ఇప్పుడు పెట్టుబడి ఎక్కువ కావాలి. సీసీ నిండిపోవడానికి మొదటి కారణం ఇదే అయ్యుండొచ్చు.

90 మీటర్ల 2.5 కాయిల్‌లో కొలత ప్రకారం రాగి సుమారు 2 కిలోలు, 1.5లో 1.2 కిలోలు. (అసలు బరువు ఇంకాస్త తక్కువ ఉండొచ్చు, ఎందుకంటే ప్రమాణం తీగ నిరోధాన్ని చూస్తుంది, బరువును కాదు.) కిలో రాగి 50 రూపాయలు కదిలితే 2.5 కాయిల్ మీద దాదాపు 100, 1.5 మీద 60 రూపాయలు కదులుతుంది, జీఎస్టీ అదనం.

15 లక్షల సంగతి. స్లాబ్ వల్ల వచ్చేది లక్ష. 11 శాతం వడ్డీకి 45 రోజులు పట్టి ఉంచితే ఖర్చు 20 వేలు. మిగిలే 80 వేలు, వైరు ధర 5.3 శాతం పడిపోతే పూర్తిగా పోతాయి. 2024 మేలో ఎల్ఎంఈలో (లండన్ లోహాల మార్కెట్) టన్ను రాగి 11,000 డాలర్లు దాటి, ఆగస్టు మొదట్లో 9,000 కంటే కిందికొచ్చింది. మూడు నెలలు కూడా పట్టలేదు. కాబట్టి ధర తగ్గితే తేడా ఇస్తారా అని కంపెనీని మెయిల్‌లో అడగండి. నోటిమాట చెల్లదు. ఎత్తేటట్టయితే 1, 1.5, 2.5లో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ మాత్రమే, అదీ 30 రోజుల్లో కదిలేంతే. స్లాబ్ కోసం 6, 10 స్క్వేర్ ఎంఎం ఎత్తితే అవి మళ్లీ క్వార్టర్ ఎండింగ్ దాకా అక్కడే కూర్చుంటాయి.

అన్నింటికంటే పెద్ద పొరపాటు, స్లాబ్ క్రెడిట్ నోటు (ఆ డిస్కౌంట్ ఇస్తున్నట్టు కంపెనీ పంపే పత్రం) రాకముందే ఆ 1 శాతాన్ని బిల్లు రేటులో డీలరుకు ఇచ్చేయడం. నోటు ఆలస్యమైనా, ఏదో షరతు తప్పిందని ఆగినా ఆ డబ్బు మీ జేబులోంచి పోయినట్టే.

ఖాతా_పేజీ:
మీ అంకెలతో రోజులు వేస్తాను. సరుకు 90 లక్షలు, 7 శాతం మార్జిన్ తీస్తే నెలకు కొన్న ధరలో వెళ్లేది 55.8 లక్షలు: 48 రోజులు. బాకీలో జీఎస్టీ కలిసి ఉంటుంది కాబట్టి 60తో కాకుండా 18 శాతం కలిపి 70.8తో భాగించాలి: 51 రోజులు. కంపెనీల దగ్గర మీకు దొరుకుతున్న అరువు సుమారు 14 రోజులు. అంటే పెట్టిన రూపాయి 85 రోజులకు గానీ తిరిగి రావడం లేదు. ఇరుక్కున్న డబ్బు 1.8 కోట్లు, వడ్డీకి ముందు ఏడాది లాభం 25.2 లక్షలు. 14 శాతం. ఇంకో బ్రాండు ఇప్పుడు తెస్తే ఈ 85 రోజుల గొయ్యిలోకి మరింత డబ్బు దించడమే.

బాకీ 51 నుంచి 40 రోజులకు వస్తే సుమారు 26 లక్షలు బయటికి వస్తాయి, కొత్త అప్పు లేకుండా.

ఏజింగ్ (ఏ బాకీ ఎన్ని రోజుల పాతదో చూపే రిపోర్టు) చూసేముందు ఒకటి సరిచేయండి. డీలరు ఇచ్చిన డబ్బును బిల్లు వారీగా కాకుండా ‘ఆన్ అకౌంట్’ అని ఎక్కిస్తే ఏ బిల్లు ఎంత పాతదో రిపోర్టులో తెలియదు. కొత్త బిల్లు కట్టించుకుని పాతది మరిచిపోతాం. వాటిని పాత బిల్లులకు సర్దాక, 60 రోజులు దాటిన బిల్లు ఒక్కటున్నా ఆ పార్టీకి బిల్లింగ్ ఆపేయండి. లైన్లు తిరిగి ఆర్డర్లు తెచ్చే లైన్‌మ్యాన్ ఇన్సెంటివ్ ఆర్డరు మీద కాకుండా వసూలు మీద పెట్టండి. లేకపోతే ఆర్డరు రాసుకొచ్చి, వసూలు వచ్చే వారం అంటాడు.

కంపెనీ 7 రోజుల్లో కడితే 3 శాతం సీడీ (క్యాష్ డిస్కౌంట్) ఇస్తుంటే ఏ బిల్లుకూ వదలకండి. 45 రోజుల గడువుతో పోలిస్తే 38 రోజులకు 3 శాతం, ఏడాదికి దాదాపు 30 శాతం. సీసీ వడ్డీ 11 శాతమే.

ఒక పార్టీ 1.18 లక్షలు ఎగ్గొడితే మనం కట్టేసిన 18 వేల జీఎస్టీ కూడా తిరిగి రాదు. వడ్డీకి ముందు మీ నికర మార్జిన్ 3.5 శాతం. అంటే ఆ నష్టం పూడ్చడానికి దాదాపు 34 లక్షల అమ్మకం కావాలి.

స్విచ్‌బోర్డ్:
బిల్లు మీద ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) నంబరు ముద్రించండి. 1961 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలోని 43బి(హెచ్) ప్రకారం చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో కట్టకపోతే, కట్టేదాకా డీలరుకు ఆ ఖర్చు మీద మినహాయింపు రాదు. భయపడి కడతారు.

ఖాతా_పేజీ:
స్విచ్‌బోర్డ్ గారూ, అది తయారీదారులకు, సేవలిచ్చేవారికి. వ్యాపారులకు 2021 జులైలో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తిరిగి ఇచ్చింది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల కోసమే. ఆలస్య చెల్లింపుల రక్షణ మనకు వర్తించదు. ఆ మాట చెప్పి అడిగితే డీలరు ఆడిటరు ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు.

చెప్పదగింది ఇంకోటుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మనకు కట్టకపోతే డీలరు ఆ బిల్లు మీద తీసుకున్న జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. 150వ రోజున ఆ బిల్లుల జాబితా రాతపూర్వకంగా పంపండి. ఇక చెక్కు బౌన్స్ అయితే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి. నోటీసు అందాక 15 రోజుల గడువు, అది దాటిన నెలలోపు కేసు. ‘మళ్లీ వేయండి సార్’ అన్నప్పుడల్లా చెక్కు మూడు నెలల గడువు కూడా చూసుకోండి.

పేట_కౌంటర్:
48 రోజుల సరుకులో అసలు జబ్బు మాడ్యులర్ ప్లేట్ల ర్యాక్‌లో ఉంటుంది. 3, 4, 6, 8 మాడ్యూల్ తెల్ల ప్లేట్లు అయిపోయి ఉంటాయి. పక్కనే గ్రే, గోల్డ్ అంచువి, 12 మాడ్యూల్‌వి డబ్బా విప్పకుండా దుమ్ము పట్టి ఉంటాయి. కంపెనీ సిరీస్ మారిస్తే పాత ప్లేటు కొత్త ఫ్రేముకు పట్టదు, అప్పుడు వాటికి రేటే ఉండదు. 120 రోజులు దాటిన ప్రతి ఐటమ్‌నూ విడిగా రాసి, తర్వాతి ఆర్డరు పెట్టేముందే కంపెనీ మనిషితో రిటర్న్ మాట్లాడండి. టార్గెట్ చేరాక వినరు.

ఏం తెప్పించాలో మెటల్ బాక్సులు చెబుతాయి. ఇంటి పైకప్పు స్లాబ్ పోసేటప్పుడు పైపులు, ఫ్యాన్ బాక్సులు వెళ్తాయి. గోడలు కొట్టేటప్పుడు మెటల్ బాక్సులు, ప్లాస్టరింగ్ అయ్యాక వైరు, రంగులయ్యాక ప్లేట్లు. ఈ నెల రేపల్లె లైన్‌లో 6 మాడ్యూల్ బాక్సులు ఎన్ని వెళ్లాయో డీలర్లను అడిగితే, కొన్ని నెలల తర్వాత ప్లేట్లు ఎన్ని కావాలో తెలుస్తుంది. ఆషాఢం, మూఢాల్లో గృహప్రవేశాలుండవు కాబట్టి ప్లేట్లు, ఫ్యాన్లు, ఫ్యాన్సీ లైట్లు నెమ్మదిస్తాయి. వైరు మాత్రం పూర్తిగా ఆగదు, పని సాగే ఇళ్లు ఉంటాయి. డిస్కౌంట్ స్లాబ్ కోసం ఎత్తే సరుకులో ఆ నెలల్లో ఫినిషింగ్ ఐటమ్స్ ఉండకుండా చూసుకోండి.

తెనాలి_లైన్:
ఆన్ అకౌంట్ ఎంట్రీలు చూశానండీ, 22 పార్టీలకు అలాగే ఉన్నాయి. అవి సర్దితే 60 రోజులు దాటింది 26 లక్షలని తేలింది. ముందు రిపోర్టులో 41 అని చూపించింది. 15 లక్షల బదులు 1.5, 2.5లో 7 లక్షలకు ఆర్డరు పెట్టి, స్లాబ్ వదిలేస్తున్నాను. కొత్త బ్రాండు మాట ఇప్పటికి లేదు.