రింగు మూసేయాలా, అప్పగించాలా? రెజ్లింగ్ శిక్షణ కేంద్రాలు నడిపినవారు చెప్పండి

మూడుతాళ్లు (న్యూజెర్సీ)

నేను ఇక్కడ ఒక చిన్న ప్రొఫెషనల్ రెజ్లింగ్ శిక్షణ కేంద్రం నడుపుతున్నాను. టీవీలో చూసే కుస్తీయే, టీవీ డబ్బు మాత్రం లేదు. అద్దె గోదాములో ఒక రింగు, గోడవారన పరుపులు, సాయంత్రం తరగతులు, రెండు మూడు నెలలకు ఒక షో. మూత్రపిండాలు దెబ్బతిని ఈ ఏడాది డయాలసిస్ మొదలైంది. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున యంత్రం పక్కన కూర్చుంటే సాయంత్రానికి ఒంట్లో ఓపిక ఉండదు. ఇంతలో బీమా ప్రీమియం పెరిగింది. గోదాము యజమాని కొత్త ఒప్పందంలో అద్దె పెంచుతానంటున్నాడు. క్రమంగా ఫీజు కట్టే పిల్లలు పది మందికి మించరు.

సానుభూతి కోసం రాయడం లేదు. ఇలాంటి కేంద్రాన్ని గానీ, వ్యాయామశాలను గానీ, తాలీంను (మట్టి కుస్తీ నేర్పే చోటు) గానీ కష్టకాలంలో నడిపినవారు, దగ్గరగా చూసినవారు ఏం చేశారో చెప్పండి. ముఖ్యంగా మీరు మూసేశారా, వేరొకరికి అప్పగించారా?

లెక్కలపెదనాన్న (ఎడిసన్)

ముందు ఒక ప్రశ్న. అద్దె ఒప్పందంలో మీ సొంత పూచీకత్తు ఉందా? ఎల్‌ఎల్‌సీ (యజమాని సొంత ఆస్తికి బాధ్యత లేని కంపెనీ) పెట్టాం కాబట్టి నష్టం వస్తే కంపెనీకే అని ధీమాగా ఉండే చిన్న వ్యాపారులు చాలామంది నా దగ్గరికి వస్తారు. తీరా చూస్తే చివరి పేజీలో యజమాని విడిగా ఇంకో సంతకం పెట్టించుకుని ఉంటాడు. అది ఉంటే వ్యాపారం మూతపడినా బాకీ ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఒప్పందం మారుస్తున్నారంటే ఆ పూచీని తీయించమనో, కొన్ని నెలల అద్దెకు పరిమితం చేయమనో అడిగే సమయం ఇదే. అద్దె తగ్గించమని బతిమాలడం కంటే ఇది మేలు.

రెండోది, శిక్షణ డబ్బును, షోల డబ్బును ఒకే ఖాతాలో కలుపుతున్నారా? కలిపితే ఏది దేన్ని పోషిస్తోందో ఎప్పటికీ తేలదు. నాకు తెలిసిన ఒక కరాటే బడి ఇలాగే పోటీలు పెట్టి పెట్టి మునిగింది. హాలు నిండిందని ఆయన సంబరం, ఖాతా ఖాళీ అయిందని నా గోల.

మూడుతాళ్లు

సంతకం ఉంది పెదనాన్న గారూ. షోల సంగతి కూడా మీరన్నట్టే. హాలు అద్దె, రింగు మోసుకెళ్లే లారీ, అత్యవసర వైద్య సిబ్బంది, ఆడినవాళ్లకు డబ్బు, పోస్టరు మీద బొమ్మ కోసం పిలిచే ఒకప్పటి టీవీ మల్లుడు. అన్నీ ఇచ్చాక నాకు మిగిలేది టీ షర్టులు అమ్మిన చిల్లర. కానీ షో లేకపోతే పిల్లలు ఉండరు. జనం ముందు ఆడాలనే కదా వాళ్లు ఒళ్లు హూనం చేసుకునేది.

కాల్గరీచలి

షో లేకపోతే పిల్లలు ఉండరన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. మా ఊళ్లో (కెనడాలోని కాల్గరీ) రెజ్లర్ లాన్స్ స్టార్మ్ 2005 నుంచి 2019 దాకా అకాడమీ నడిపారు. నేను అక్కడ విద్యార్థిని కాను, ఊళ్లో ఉండి చూసినవాణ్ని. ఆయన పద్ధతి మూడు నెలల కోర్సు. ఫలానా తేదీన మొదలు, ఫలానా తేదీన ముగింపు. నెలనెలా ఎవరు మానేస్తారో అన్న బెంగ లేదు. కోర్సుకూ కోర్సుకూ మధ్య ఆయన ఒంటికి విశ్రాంతి దొరికేది. 2019లో అమెరికా పెద్ద రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలో ఉద్యోగం వచ్చినప్పుడు అకాడమీ మూసేశారు.

మీకు సరిపోయేది ఇదేనని నా నమ్మకం. ఏడాది పొడవునా తలుపు తెరిచి ఉంచడం ఆరోగ్యంగా ఉన్నవాడికే కష్టం. ఇక్కడి పాతతరం శిక్షకుడు స్టూ హార్ట్ అంతకాలం నేర్పగలిగారంటే అది సొంత ఇంటి నేలమాళిగ కాబట్టి. ఆయన కొడుకులు బ్రెట్, ఓవెన్ అక్కడే ఎదిగారు. అద్దె లేని బడితో మనకు పోలిక పెట్టకూడదు.

రాత్రిడ్యూటీ (డయాలసిస్ నర్సు, టెక్సస్)

మూడుతాళ్లు గారూ, డబ్బు సంగతి తర్వాత. మీకు చేతికి ఫిస్టులా పెట్టారా? పెట్టి ఉంటే ఆ చేత్తో పట్లు చూపించడం ఇవాళే ఆపండి. ధమనిని సిరతో కలిపి కుట్టిన చోటు అది. రక్తం అక్కడ ఎంత ఒత్తిడితో పోతుందంటే, వేలు ఆనిస్తే జుమ్మని అదరడం మీకే తెలుస్తుంది. మేము ఆ చేతికి బీపీ పట్టీ కూడా చుట్టం. వాచీ బిగించుకోవద్దని, ఆ చేయి తల కింద పెట్టుకుని పడుకోవద్దని చెబుతాం. మీ ఆట మొదలయ్యేదే మెడ, మోచేయి గట్టిగా పట్టుకుని కదా. ఇరవై ఏళ్ల కుర్రాడు ఉత్సాహంలో ఒక్క గుంజు గుంజితే రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు, చిట్లితే ప్రాణం మీదికి రావచ్చు.

డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా హెపారిన్ ఇస్తారు. ఆ రోజు దెబ్బ తగిలితే మామూలు కంటే ఎక్కువగా కములుతుంది, రక్తం తొందరగా ఆగదు. కనీసం ఆ మూడు రోజులు రింగు ఎక్కకండి. కడుపులో గొట్టంతో ఇంట్లోనే చేసుకునే డయాలసిస్‌కు మారదామనుకుంటే, మీ వృత్తికి అది ఇంకా చిక్కు. పొట్ట మీద బరువు పడకూడదు.

ఖర్చు విషయంలో ఒక మంచి మాట. ఇక్కడ మూత్రపిండాలు పూర్తిగా విఫలమైనవారికి వయసుతో పని లేకుండా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వస్తుంది. మీరు గానీ మీ జీవిత భాగస్వామి గానీ తగినంత కాలం పన్నులు కట్టి ఉండాలి. కేంద్రానికి వెళ్లి చేయించుకునేవారికి మామూలుగా నాలుగో నెల నుంచి మొదలవుతుంది. దరఖాస్తు పెట్టారా? మీ కేంద్రంలోని సామాజిక కార్యకర్తను అడగండి, ఆ కాగితాలు చూడటం వారి పనే.

మూడుతాళ్లు

ఎడమ చేతికి ఉంది. మేం పట్టేదంతా ఎడమవైపే. ఎడమ మోచేయి, ఎడమ మణికట్టు, ఎడమవైపు తల. ఆ అలవాటు మెక్సికోలో తప్ప దాదాపు అంతటా ఒకటే. ఇప్పుడు కుడిచేత్తో చూపిస్తే పిల్లలు తిరగేసి నేర్చుకుంటారు. అందుకే కుర్చీ వేసుకుని నోటితో చెబుతున్నాను. దరఖాస్తు ఈ వారమే పెడతాను, ధన్యవాదాలు.

పాతబస్తీతాలీం (హైదరాబాద్)

అన్నా, కుర్చీలో కూర్చుని చెప్పడం చిన్నతనం అనుకోకండి. మా ఉస్తాద్‌కు షుగరుతో కాలి వేళ్లు తీసేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన గోదా అంచున స్టూలు మీదే కూర్చున్నారు. చేతిలో చిన్న బెత్తం. నడుము ఎత్తుగా ఉంటే నడుము మీద, మడమ లేస్తే మడమ మీద ఒక్కసారి తాకించేవారు, అంతే. నూనె, పసుపు, మజ్జిగ కలిపిన ఎర్రమట్టిని తవ్వి చదును చేసే పని మాత్రం చిన్నపిల్లలకు ఇచ్చేవారు కాదు. మట్టిలో రాయి మిగిలితే వీపు చీలుతుందని పెద్ద శిష్యులతోనే చేయించేవారు.

మా దగ్గర ఫీజు లేదు. దాతలు, దంగళ్లలో గెలిచిన డబ్బులో వాటా, బస్తీ పెద్దల చందా, వీటితోనే నడిచింది. ఆయన పోయాక చందాలు తగ్గాయి, స్థలం మీద కన్ను పడ్డవాళ్లు పెరిగారు. ఇప్పుడు పొద్దున మాత్రమే తెరుస్తున్నాం. అందుకే ఫీజు వసూలు చేయడానికి మొహమాటపడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఊరి మీద ఆధారపడటం కంటే రశీదు ఇచ్చి డబ్బు తీసుకోవడం గౌరవం.

పాల్స్‌బరోదారి (న్యూజెర్సీ)

అసలు ప్రశ్నకు వస్తున్నాను. మన రాష్ట్రంలోనే జవాబు ఉంది. లారీ షార్ప్ 1980లలో మొదలుపెట్టిన మాన్‌స్టర్ ఫ్యాక్టరీ అనే శిక్షణ కేంద్రం నుంచే పేరున్న రెజ్లర్ బ్యామ్ బ్యామ్ బిగెలో వచ్చారు. 2011లో దాన్ని డ్యానీ కేజ్ తీసుకున్నారు. షార్ప్ 2017లో చనిపోయారు. కేంద్రం ఆయనతో పోలేదు, ఎందుకంటే ఆయన ఉండగానే చేతులు మారింది. బతికుండగా అప్పగిస్తే పేరు, పరిచయాలు, విద్యార్థులు కూడా వెళతాయి. మంచం పట్టాక అప్పగిస్తే వెళ్లేది రింగు ఇనుము ఒక్కటే.

కాల్గరీచలి

అప్పగించడానికి మనిషి దొరకాలి కదా! పట్లు బాగా వేసే పెద్ద శిష్యుడికి బీమా కాగితం చదవడం రాదు. చదవడం వచ్చినవాడికి బీమా మొత్తం చూడగానే జ్వరం వస్తుంది. కెంటకీలోని ఒహాయో వ్యాలీ రెజ్లింగ్ చూడండి. జాన్ సీనా, బటిస్టా, రాండీ ఓర్టన్ తయారైన చోటు. 2018లో రెజ్లర్ అల్ స్నో కొన్నారు. అంత పేరు, అంత చరిత్ర ఉండి కూడా తర్వాత బయటి పెట్టుబడిదారుల డబ్బు కావాల్సి వచ్చింది.

లెక్కలపెదనాన్న

ఒకేసారి మొత్తం అమ్మక్కర్లేదు. తరగతులు నేర్పే హక్కు ఒకరికి, ఖాతాలు చూసే పని ఇంకొకరికి ఇచ్చి, మీరు పేరు మీద వాటా ఉంచుకోవచ్చు. రాతపూర్వకంగా ఉండాలి. శిష్యుడే కదా, నోటిమాట చాలు అనుకుంటే రేపు స్నేహమూ పోతుంది, రింగూ పోతుంది.

ఇంకొకటి. పద్దెనిమిది నిండని పిల్లల్ని తీసుకుంటున్నారా? పిల్లవాడికి దెబ్బ తగిలితే దావా వేయబోమని తల్లిదండ్రులు ముందే రాసిచ్చిన పత్రం చెల్లదని 2006లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది. అది ఒక స్కేట్‌బోర్డు పార్కు కేసు. మీ బీమా సంస్థకు ఈ విషయం మీకంటే బాగా తెలుసు. ప్రీమియం పెరగడానికి అదీ ఒక కారణమేమో అడిగి చూడండి.

థేమ్స్‌గట్టు (లండన్)

ఇక్కడ 2021లో పార్లమెంటు సభ్యుల బృందం ఒకటి రెజ్లింగ్ మీద నివేదిక ఇచ్చింది. శిక్షణను క్రీడగా, షోను రంగస్థల ప్రదర్శనగా చూడాలన్నది అందులో ఒక సూచన. పెదనాన్న గారు ఖాతాలు విడదీయమన్నది చదివితే అదే గుర్తొచ్చింది. ఇంకో చేదు మాట కూడా చెప్పాలి. 2020లో ఇక్కడి శిక్షకుల వేధింపులు బయటపడ్డాక కొన్ని సంస్థలే లేకుండా పోయాయి. కేంద్రాన్ని ఎవరికి అప్పగిస్తారో వాళ్ల గురించి ముందు అమ్మాయిలను విడిగా అడగండి.

పైడితల్లిజాతర (విజయనగరం)

కోడి రామ్మూర్తి నాయుడి ఊళ్లో ఉంటున్నాను కాబట్టి ఒక్క మాట. అంత సర్కస్ నడిపి, ప్రపంచమంతా తిరిగిన మనిషికి చివరికి కాలు తీసేశారు. బలవంతుడి పేరు మీద నడిచే సంస్థ ఆ బలం ఉన్నన్నాళ్లే. అంతకంటే చెప్పడానికి నా దగ్గర అనుభవం లేదు.

మూడుతాళ్లు

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పటికి అనుకున్నవి ఇవి. వసంతం దాకా షోలు లేవు. జనవరి నుంచి మూడు నెలల కోర్సు, ఫీజు ముందే. మైనర్లను తీసుకోను. నా దగ్గర చాలాకాలంగా ఉన్న ఒక అమ్మాయి తరగతులు నేర్పుతుంది. పిల్లలు నా మాట కంటే ఆమె మాటే ఎక్కువ వింటున్నారు, నాకు కొంచెం ఉడుకుబోతుతనంగానూ ఉంది. వాటా సంగతి వకీలు దగ్గర రాయించాలి. సొంత పూచీని తీయడానికి యజమాని ఒప్పుకోకపోతే గోదాము వదిలేసి, ఏదైనా జిమ్‌లో వారానికి రెండు రోజులు చోటు అడుగుతాను. ఆయన జవాబు రావాల్సి ఉంది.

గచ్చిబౌలికుర్రాడు

సార్, 2023 సెప్టెంబరులో ఇక్కడి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా ఆట ప్రత్యక్షంగా చూశాను. అప్పటి నుంచి నేనూ, నా స్నేహితులూ హైదరాబాద్‌లో ఇలాంటి కేంద్రం పెట్టాలనుకుంటున్నాం. జలంధర్ వెళ్లి రెజ్లర్ ఖలీ గారి కేంద్రంలో నేర్చుకుని వస్తే చాలా? రింగు ఇక్కడే చేయించుకోవచ్చా?

మూడుతాళ్లు

తమ్ముడూ, నేర్చుకోవడం వేరు, నేర్పడం వేరు. జలంధర్ వెళ్లు. అక్కడి నుంచి వచ్చిన కవితా దేవి డబ్ల్యూడబ్ల్యూఈ దాకా వెళ్లింది. వచ్చాక ఎవరి దగ్గరైనా కొంతకాలం సహాయకుడిగా ఉండు. వీపు మీద పడటం నేర్పడానికే నెలలు పడుతుంది. గడ్డం ఛాతీకి ఆనించి, గాలి వదులుతూ, పైవీపు మొత్తం ఒకేసారి తాకేలా పడాలి. తల వెనక్కి వాలనిచ్చేవాణ్ని రెండోసారి పడనివ్వకూడదు. తలకు దెబ్బ తగిలితే డాక్టరు సరేననేదాకా రింగులోకి రానివ్వకండి, ఎంత బతిమాలినా సరే.

రింగు చట్రం మంచి వెల్డర్ ఎవరైనా చేస్తాడు. అసలు సమస్య పలకలు. మీ వానాకాలానికి ప్లైవుడ్ ఉబ్బి, అతుకుల దగ్గర లేస్తుంది. ఆ అంచు మీద పడితే పక్కటెముక విరుగుతుంది. నీటికి తట్టుకునే రకం కొనండి, ప్రతి తరగతికి ముందు కాన్వాస్ మీద చెప్పుల్లేకుండా నడిచి చూడండి. రోజూ క్రిమిసంహారకంతో తుడవండి, లేకపోతే నెల తిరక్కుండా అందరికీ తామర వస్తుంది. పెట్టుబడి సంగతి వేరే చర్చ మొదలుపెట్టు, పెదనాన్న గారిని అక్కడికి పిలుద్దాం.