“విడువరాదోయ్”, “విడువలేమోయ్”: బాన్ క్లే పద్యంలో ఒక్క అక్షరం

నల్లేరు:
జపాన్ బొమ్మల కథ (మాంగా) వన్ పీస్ 215వ అధ్యాయం, ‘లాస్ట్ వాల్ట్జ్’. కథానాయకుడైన సముద్రపు దొంగ లూఫీ తప్పించుకునేలా, ఎవరి ముఖమైనా తెచ్చుకోగల బాన్ క్లే లూఫీ ముఖం పెట్టుకుని నౌకాదళం హీనా నౌకల మీదికి వెళ్తాడు కదా, అక్కడి పద్యం. రెండు పాదాలు బాగానే గుర్తున్నాయి: “ఒతొకొనో మిచివో సొరెరుతొమో, ఒన్ననో మిచివో సొరెరుతొమో”. మూడో పాదం దగ్గరే చిక్కు. “ఫుమిహజుసనువ హితొనో మిచి” అని నా చెవిలో ఉండిపోయింది. మా చెల్లి మాత్రం “సను కాదక్కా, సెను” అని పట్టుబడుతోంది. ఏది సరైన పాఠం? తెలుగులో “తప్పనిది మనిషి దారి” అని రాసుకున్నాను. అది చదివితే తప్పనిసరి అన్న అర్థం ముందుకొస్తోంది, నచ్చడం లేదు.

తూనీగ:
మీ చెల్లెలిదే పాఠం. 23వ సంపుటంలో ‘సెను’ అనే ఉంది. ‘సను’ అయితే అడుగు తప్పనిది, ‘సెను’ అయితే అడుగు తప్పలేనిది. జపాన్ పద్యాల ఏడు, అయిదు అక్షరాల లెక్కకు రెండూ సరిపోతాయి: ఫు-మి-హ-జు-సె-ను-వ, ఏడు. ‘స’ వేసినా ఏడే. అంటే ఛందస్సు కోసం వచ్చిన అక్షరం కాదు, అర్థం కోసం ఏరుకున్నది.

గోదారి గట్టు:
ఏడు, అయిదు అనగానే నాకు ముత్యాలసరమే తోస్తుంది. మూడూ నాలుగూ కలిస్తే ఏడు. గురజాడ నడకలో ఇది ఎంత హాయిగా కూర్చుంటుందో చూడండి:

మగని దారిని విడిచినా మరి
మగువ దారిని విడిచినా మరి
మనిషి దారిని విడువరాదోయ్

‘ఓయ్’ ఊరికే పెట్టలేదు. బాన్ క్లే తన తోటివాళ్లను కేకేసి చెబుతున్నాడు. “దేశమంటే మనుషులోయ్” అన్నప్పటి గొంతు అది.

తూనీగ:
నడక బాగుంది గట్టు గారూ. కానీ ‘రాదు’ అంటే నిషేధం. మూలంలో నిషేధం లేదు, ‘సె’ చేతకానితనాన్ని చెబుతుంది. “విడువలేమోయ్” అనండి. మాత్రలు అవే, గణం చెడదు.

గోదారి గట్టు:
గణం చెడదు నిజమే, కానీ పద్యం నీరసపడుతుంది. “విడువలేమోయ్” అంటే ఏదో వ్యసనం మానలేకపోతున్నాం అన్నట్టు ఉంటుంది. చావుకు ఎదురెళ్లేవాడి మాట అలా ఉంటుందా?

విరాటుకొలువు:
‘రాదు’ అంటే నిషేధమే అని ఎవరన్నారు? తిక్కనను ఒక్కసారి తలుచుకోండి. “వచ్చినవాఁడు ఫల్గునుఁ డవశ్యము గెల్తు మనంగరాదు”. ఇక్కడ గెలుస్తామని అనడం నిషేధమా? అలా అనడానికి వీలు లేదు, పరిస్థితి అలా ఉంది అని కదా! ‘రాదు’లో శక్యమూ ఉంది, ఔచిత్యమూ ఉంది. తిక్కన ఆ రెంటినీ విడదీయకుండా ఒకే మాటలో నిలబెడతాడు, అదే ఆయన బలం. కాబట్టి గట్టు గారి ‘రాదు’కు నా ఓటు.

పైగా సందర్భం కూడా చూడండి. ఆడవేషంలో నాట్యం నేర్పిన బృహన్నల రథమెక్కి వస్తున్నప్పటి మాట అది. బాలే ఆడుతూ పోరాడే బాన్ క్లేకు అంతకన్నా దగ్గరి చుట్టం మన సాహిత్యంలో ఎవరున్నారు?

మానుకోట:
సార్, మా దిక్కు “చెప్పరాదు”, “కూసోరాదు” అంటే చెప్పు, కూర్చో అని బతిమాలడం. “మనిషి దారిని విడువరాదోయ్” అని మా అమ్మకు చదివి వినిపిస్తే, విడిచిపెట్టమని అడుగుతున్నాడేమో అనుకుంటుంది. తెలుగులో ‘రాదు’కు ఇన్ని ముఖాలున్నప్పుడు, ఒక్క ‘సె’కు దాన్ని పెట్టడం పద్ధతేనా?

విరాటుకొలువు:
అది వేరే వాడుక బాబూ. చివర దీర్ఘం తీసి, గొంతు పైకెత్తి అనేది. “విడువరాదోయ్”లో ఊనిక ‘రా’ మీద పడుతుంది. చదివేవాడి గొంతే తేడా చెప్పేస్తుంది.

మానుకోట:
అచ్చులో గొంతు ఉండదు కదా సార్.

పచ్చజొన్న:
అందరూ వ్యాకరణం దగ్గరే ఆగిపోయారు, కథను కాస్త చూడండి. ‘తప్పలేనిది’ అన్న అర్థం బాన్ క్లే విషయంలో అబద్ధం. నానొహనా ఊళ్లో ఆ దేశపు కోబ్రా రాజు ముఖం పెట్టుకుని జనం ముందు నిలబడిందెవరు? డాన్స్ పౌడర్ (పక్క ఊళ్ల వాన దొంగిలించే పొడి) వాడిన నేరం రాజు మీదికి తోసి, ఊరు తగలబడటానికి కారణమైందెవరు? ఆ రోజు అతను మనిషి దారి తప్పాడు. తప్పగలిగాడు. అలాంటివాడి పద్యంలో ‘లేని’ ఎలా నప్పుతుంది? ‘రాని’ అంటేనే నిజం. తప్పినవాడికే తప్పకూడదని తెలుస్తుంది.

తూనీగ:
జొన్న గారూ, మీరు నానొహనా దగ్గర నిలబడి చూస్తున్నారు. పద్యం వచ్చింది చివర్లో. దానికి ముందు సముద్రంలో మునిగిపోతుంటే కాపాడింది లూఫీ ఓడ వాళ్లే. అతను మిస్టర్ 2 (క్రొకొడైల్ నడిపే నేరముఠా బరోక్ వర్క్స్‌లో బాన్ క్లే మారుపేరు) అని వాళ్లకూ తెలియదు, వాళ్లు తన శత్రువులని అతనికీ తెలియదు. భుజాల మీద చేతులేసుకుని చిందులేశారు. తర్వాత నిజం తెలిసింది, లూఫీ ఓడలోని సాంజీతో హోరాహోరీ జరిగింది, క్రొకొడైల్ ఓడిపోయాడు. ఇంతా అయ్యాక దాచిపెట్టిన ఓడ తెచ్చి ఇచ్చినవాడు, ఇక ఆ దారి వదలలేడు. అప్పటిదాకా వదలగలిగేవాడు, ఇప్పుడు వదలలేడు. ‘సె’ చెబుతున్నది ఆ మార్పునే.

పచ్చజొన్న:
అంటే పక్షం మారాడని మీరూ ఒప్పుకున్నట్టే.

తూనీగ:
మారాడని నేను అనలేదు. బరోక్ వర్క్స్ అప్పటికే కూలిపోయింది. విడిచి రావడానికి పక్షం మిగిలి ఉంటే కదా! అందుకే విభీషణుడితో పోల్చడం నాకు ఎప్పుడూ నచ్చదు. విభీషణుడు యుద్ధానికి ముందే లంక దాటాడు. బాన్ క్లేకు యజమానీ లేడు, రాజ్యం ఇస్తానన్న రాముడూ లేడు. పారిపోతే బతికిపోయేవాడు.

నల్లేరు:
అవును, అక్కడే తన మనుషులతో అనే మాట ఉంది కదా! స్నేహితురాలి కోసం ప్రాణం పణంగా పెట్టి వెళ్తున్న స్నేహితులను వదిలేసి, రేపు తినే అన్నం మీకు రుచిగా ఉంటుందా అని. కోబ్రా కూతురు వీవీ కోసం తూర్పు రేవుకు వెళ్లకుండా లూఫీ కదలనన్నాడని తెలిశాక అన్నది. ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

గోదారి గట్టు:
దాన్ని ‘రుచిగా’ అనకండి నల్లేరు గారూ, “అన్నం సయిస్తుందా” అనండి. ‘ఉమయి’ అంటే రుచే కావచ్చు. కానీ తెలుగువాడి మనసులో తప్పు ఉన్నప్పుడు అన్నం రుచి తగ్గదు, అసలు సయించదు. ‘మెషి’కి అన్నం ఎలాగూ అచ్చంగా సరిపోయింది, జపాన్ వాళ్లదీ వరి కంచమే.

విరాటుకొలువు:
‘సయించడం’ చాలా బాగుంది. సహించడంలోంచి వచ్చిన మాట, ఇక్కడ సహించనిది అన్నం కాదు, మనసు. గట్టు గారూ, ఇది మీ ముత్యాలసరం కన్నా బాగుంది.

తూనీగ:
నాలుగో పాదం సంగతి ఎవరూ ఎత్తలేదు. “చిరబ మొరొతొమో”. ‘చిరెబ’ కాదు, ‘చిరబ’. నేటి జపనీస్‌లో “రాలితే” అనడానికి ‘చిరెబ’ వాడతారు. పాత వ్యాకరణంలో ‘చిరెబ’ అంటే రాలినప్పుడు, రాలింది గనుక అని. ఇంకా జరగనిదాన్ని ఊహించి చెప్పడానికి ‘చిరబ’. బాన్ క్లే పాత వ్యాకరణం వాడుతున్నాడు, అంటే ఇంకా రాలలేదు, రాలితే అంటున్నాడు. ‘మొరొతొమో’ అంటే అందరం కలిసి అని, అందులో ‘తొమో’ దగ్గర స్నేహితుడన్న అక్షరం వేశారు. “రాలితే జతగా” అంటే సరిపోతుందేమో చూడండి.

గోదారి గట్టు:
“రాలిపోతే జతగ రాలుద”మంటే? రాలి మూడు, పోతే నాలుగు, జతగ మూడు, రాలుద నాలుగు. ‘మం’ దగ్గర మిగిలిపోతోంది. చూస్తాను.

మానుకోట:
ఆఖరి పాదంలో ‘ఒకామా వే’ను (ఒకామా అంటే ఆడతీరు మగవాడు) ఏం చేస్తున్నారు? పై మూడు పాదాల్లో ‘మిచి’, ‘మిచి’, ‘మిచి’. చివర్లో అదే అక్షరం రాసి పక్కన ‘వే’ అని ఇంగ్లిష్ చదువు పెట్టాడు. అతని కోటు వెనక ఉన్నదీ అదే. నేనైతే పై మూడూ ‘దారి’ అని, ఆఖరున ‘రూటు’ అంటాను. ఆ తేడా వినిపించాలి.

పచ్చజొన్న:
‘రూటు’ ఒప్పుకుంటాను. ‘ఒకామా’ను మాత్రం అలాగే ఉంచండి. దానికి తెలుగులో మనకున్న మాటలన్నీ తిట్లే, ‘పేడి’తో సహా. జపాన్‌లోనూ అది ఎదుటివాళ్లు అంటే నొప్పించే మాటే. తనను వెక్కిరించే మాటను తనే వీపు మీద రాసుకుని తిరుగుతున్నాడంటే దానికి ఒక బరువుంది. మన తిట్టు పెడితే ఆ బరువు పోయి వెక్కిరింపు మిగులుతుంది.

తూనీగ:
పేరులోనే ఉంది చూడండి. బరోక్ వర్క్స్‌లో మగవాళ్లకు అంకెలు, ఆడవాళ్లకు పండుగలూ వారాలూ. ఇతనికి జోడీ లేదు, అందుకే మిస్టర్ 2 అన్న అంకే ఉంది, బాన్ క్లే అన్న పండుగ పేరూ ఉంది. ‘బొన్’ పెద్దల పండుగ, ‘కురె’ ఏడాది చివర. మొదటి రెండు పాదాలూ ఆ పేరుకే వ్యాఖ్యానం.

నల్లేరు:
ఇది నాకు కొత్త! సరే, మళ్లీ మూడో పాదానికి. తర్వాత వచ్చే ఇంపెల్ డౌన్ జైలు కథ లెక్కలోకి తీసుకుంటే ‘లే’ వైపే మొగ్గుతున్నాను. 548వ అధ్యాయంలో జైలు అధికారి మాజెలాన్ ముఖం పెట్టుకుని, బయటపడే దారైన న్యాయద్వారం తెరిపించి, అందరినీ పంపి, తను ఉండిపోయాడు. అక్కడ ఎవరూ అతన్ని అడగలేదు, ఎవరూ నిషేధించలేదు. వెళ్లలేక కాదు, మనిషి దారి వదలలేక ఉండిపోయాడు.

పచ్చజొన్న:
వదలలేక కాదు, వదలకూడదు కాబట్టి. ఆ గది తలుపు బయట ఎవరున్నారో అతనికి తెలుసు. భయం లేనివాడు కాడు. భయపడుతూనే ఉండిపోయినవాడిని ‘లేక’ అనేస్తే అతని ఎంపికను తీసేసినట్టు.

విరాటుకొలువు:
మీ ఇద్దరికీ సరిపడే మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది. ‘ఓపు’.

మనిషి దారిని విడువనోపము

‘ఓపము’ అంటే చేతకాదూ అవుతుంది, మనసొప్పదూ అవుతుంది. ‘నోపము’ నాలుగు మాత్రలు, గట్టు గారి నడక చెడదు. తూనీగ గారి ‘సె’ ఉంది, జొన్న గారి ఎంపికా ఉంది.

గోదారి గట్టు:
మాస్టారూ, ‘ఓపము’ ఎవరి నోట వింటున్నాం ఇవాళ? ముత్యాలసరం పుట్టిందే వాడుకభాష కోసం. అందులో తిక్కన మాట దూరిస్తే గురజాడ ఒప్పుకోడు.

విరాటుకొలువు:
‘ఓపిక’ రోజూ అంటున్నాం, “ఓపలేను” అంటున్నాం. ‘ఓపు’ చచ్చిపోయిందని ఎవరు తేల్చారు?

మానుకోట:
“ఓపలేను” అన్నామంటేనే ‘ఓపను’ ఒక్కటీ చాలడం లేదని కదా సార్. పక్కన ‘లే’ తెచ్చుకోవాల్సి వచ్చింది.

తూనీగ:
అంటే ‘లే’ లేకుండా గడవదన్నమాట. నేను మొదటినుంచీ చెబుతున్నది అదే.

విరాటుకొలువు:
“ఓపలేను” అన్నది రెండు ధాతువులు కలిసిన తర్వాతి కాలపు రూపం. దాన్ని పట్టుకుని ‘ఓప’ను కొట్టేయడం కుదరదు. రేపు విరాటపర్వంలో ‘ఓపు’ వచ్చిన చోట్లు తీసి ఇక్కడ పెడతాను, అప్పుడు మాట్లాడదాం.