స్నేహితుడి చర్చి పెళ్లిలో "అండగా ఉంటాం" అన్నాను. నమ్మకం లేనివాడి మాటకు విలువ ఉంటుందా?

ప్రశ్న

కాలేజీలో నా రూమ్మేట్ పెళ్లి చర్చిలో జరిగింది. నేను ఏ మతాన్నీ పాటించను. అందరూ లేస్తే లేచి, కూర్చుంటే కూర్చుని, మర్యాదగా గడిపేద్దామనే వెళ్లాను.

ప్రమాణాలకు కాస్త ముందు పాస్టర్‌గారు మావైపు తిరిగి, "ఈ ఇద్దరి దాంపత్యానికి అండగా ఉంటారా?" అని అడిగారు. ఏం చెప్పాలో మాకిచ్చిన కార్యక్రమం కాగితంలో అచ్చువేసే ఉంది. అందరితో పాటు నేనూ "ఉంటాం" అనేశాను.

తర్వాత ప్రమాణాలు. పెళ్లికూతురికి చిన్నప్పటి నుంచి టైప్ 1 షుగర్. "వ్యాధిలోనూ ఆరోగ్యంలోనూ" అని వాడంటుంటే అది పుస్తకంలో మాటలా లేదు, ఆమె రోజూ ఇన్సులిన్ తీసుకోవడం చూసినవాడి మాటలా ఉంది. లేమి, జబ్బు, చావు, మూడింటినీ పెళ్లి రోజునే పేరుపెట్టి పలికి ఒప్పుకోవడం చూసి భయం కూడా వేసింది. (శుభమా అని పెళ్లవుతుంటే చావు మాటెందుకు అని గొణిగే పెద్దమ్మ ఒకావిడ నాలోనూ ఉంది.) అప్పుడు నా "ఉంటాం" గుర్తొచ్చింది.

నమ్మకం లేనివాడు దేవుడి ముందు ఇచ్చిన మాట ఏమవుతుంది? నాకు కలిగింది భక్తా, పాటల ప్రభావమా?

జవాబు: ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయం) ఇంట్లో పెరిగినవాణ్ని

ఆ ప్రమాణాల మాటలు 1549 నాటి ఇంగ్లండ్ ప్రార్థన పుస్తకం నుంచి పెద్దగా మారకుండా వస్తున్నాయి. మిమ్మల్ని అడిగిన ప్రశ్న మాత్రం అందులో లేదు. అప్పట్లో వచ్చినవాళ్లను అడిగింది, ఈ పెళ్లి జరగకూడదనడానికి న్యాయమైన కారణం ఎవరికైనా తెలుసా అని. అమెరికాలో మా సంప్రదాయపు చర్చి అయిన ఎపిస్కోపల్ చర్చి 1979 ప్రార్థన పుస్తకంలో, ఇంగ్లండ్ చర్చి 2000లో తెచ్చిన వివాహ క్రమంలో "అండగా ఉంటారా" కనిపిస్తుంది. ఇంగ్లండ్ క్రమంలో పిలిచేది కుటుంబాలను, స్నేహితులను. మీకు విశ్వాసం ఉందా అని అక్కడ అడగరు. స్నేహితుడిగా అడిగారు, స్నేహితుడిగా చెప్పారు.

జవాబు: కతోలిక్‌ని

మా పెళ్లిళ్లలో ఈ ప్రశ్న నేను వినలేదు కానీ సాక్షుల సంగతి చెప్తాను. మా లాటిన్ సంప్రదాయంలో (కతోలికుల్లో ఎక్కువమందిది ఇదే) వివాహ సంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. ఫాదర్ సంఘం తరఫున వాళ్ల సమ్మతి అడిగి స్వీకరిస్తారు, మామూలుగా ఇద్దరు సాక్షులు కూడా ఉండాలి. ఒకప్పుడు ఇద్దరూ రహస్యంగా మాటిచ్చుకున్నా పెళ్లి చెల్లేది. తర్వాత ఒకరు కాదంటే రెండోవారికి రుజువు ఉండేది కాదు. 1563లో ట్రెంట్ మహాసభ (కతోలిక్ బిషప్పుల సభ) ఫాదర్‌నూ సాక్షులనూ తప్పనిసరి చేసింది. ఆ సాక్షులు కతోలికులే కానక్కర్లేదు.

ఆధ్యాత్మికంగా ఏమైనా కావాలంటే యోహాను సువార్త 2వ అధ్యాయం చదవండి. కానాలో పెళ్లికి యేసూ, ఆయన తల్లీ అతిథులుగానే వెళ్లారు. వధూవరుల పేర్లు కూడా అందులో ఉండవు. ద్రాక్షారసం అయిపోయిందని ఆమె కొడుకుతో చెబుతుంది. యేసు నీళ్లనే ద్రాక్షారసంగా మార్చారు. ఆ మంచి రసం ఎక్కడిదో విందు చూసుకునే పెద్దకు తెలియదు, నీళ్లు తోడిన పనివాళ్లకే తెలుసు. పెళ్లివారింట్లో ఏం తక్కువైందో చూసి, ఎవరినీ తప్పుపట్టకుండా, చెప్పాల్సినవాళ్లకు చెప్పింది ఆమె. మీరు ఒప్పుకున్న పని కూడా దాదాపు అదే.

జవాబు: నాస్తికురాలిని

భక్తా, పాటలా అని తేల్చడానికి తొందరేముంది? మా చెల్లెలి చర్చి పెళ్లిలో నాకూ ఏడుపొచ్చింది. అది ఆర్గాన్ పనేనని ఇప్పటికీ అంటాను. మాట మాత్రం మాటే. మీ స్నేహితుడి భార్యకు షుగర్ బాగా పడిపోతే ఏం చేయాలో తెలుసా మీకు? స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే తీపి ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్స్‌ని పిలవాలి. అండ అంటే నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

ప్రశ్న అడిగినవాణ్ని

తెలియదండీ, ఇప్పుడే నేర్చుకున్నాను. ఇంకో చిక్కు. వాళ్లిద్దరికీ గొడవైతే? నేను వాడి మనిషిని. ఆమెతో సరిగ్గా మాట్లాడింది కూడా లేదు.

జవాబు: మళ్లీ ఆంగ్లికన్‌ని

అడిగింది "ఈ ఇద్దరి" గురించి కదా. పెళ్లి నుంచి మీరు వాడి మనిషి మాత్రమే కాదు. వాడొచ్చి ఆమె మీద చాడీలు చెప్తే ఊకొట్టకండి, ఆమెతో కూర్చుని మాట్లాడమనండి. వాడు చెయ్యి చేసుకునేదాకా వస్తే ఆమె పక్కన నిలబడాలి, అప్పుడు కాపాడాల్సింది పెళ్లిని కాదు, మనిషిని. అంతదాకా రాదనే అనుకుందాం. ముందు ఆమె నంబరు తీసుకోండి, వాడి ద్వారానే కబుర్లన్నీ నడవకూడదు.