12 నిమిషాలు, 18 స్లైడ్లు: ఏవి తీసెయ్యాలి?

ప్రశ్న:
ఫిజిక్స్ పీహెచ్‌డీ మూడో ఏడు చేస్తున్నాను. వచ్చే శుక్రవారం మా డిపార్ట్‌మెంట్ కాన్ఫరెన్స్‌లో మొదటిసారి మాట్లాడాలి. 12 నిమిషాలు టాక్, 3 నిమిషాలు ప్రశ్నలు. యూరోపియం అనే మూలకం కలిపిన బోరేట్ (బోరాన్ ఉండే) గాజుల మీద నా పని. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో నిర్మాణం చూడటం), ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో బంధాలు చూడటం), జడ్-ఓఫెల్ట్ లెక్కలు (కాంతి పీల్చే, వెదజల్లే బలం లెక్క), ఎమిషన్ (గాజు వెదజల్లే కాంతి), లైఫ్‌టైమ్ (ఆ వెలుగు ఎంతసేపట్లో తగ్గుతుందో)... అన్నీ కష్టపడి చేసినవే, ఏదీ వదలబుద్ధి కావట్లేదు. నిన్న హాస్టల్ గదిలో చెప్పి చూసుకుంటే 23 నిమిషాలు పట్టింది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో ప్రశ్న అడుగుతారంటేనే టెన్షన్.

జవాబు 1:
ఎక్స్‌ఆర్‌డీకి ఒక్క వాక్యం చాలు: స్ఫటికాలకు వచ్చే పదునైన పీకులు లేవు, వెడల్పాటి హంప్ మాత్రమే ఉంది, కాబట్టి ఇది గాజే. జడ్-ఓఫెల్ట్ సమీకరణాలు చివరి స్లైడ్ తర్వాత దాచుకోండి. అడిగితే తీయొచ్చు.

జవాబు 2:
తమ్ముడూ, నేను సమారియంతో ఇవే గాజులు చేశాను. నా మొదటి టాక్‌లో పాత పేపర్ల గురించే చెబుతూ పోయాను. ఎమిషన్ స్పెక్ట్రమ్ రాకముందే బెల్ కొట్టేశారు. రెండేళ్ల పని ఎవరూ చూడలేదు. ఆ రాత్రి చాలా ఏడ్చాను.

నువ్వు ఎమిషన్‌తోనే మొదలుపెట్టు. 590 నానోమీటర్ల దగ్గరి నారింజ పీక్ మాగ్నెటిక్ డైపోల్‌ది (కాంతిలోని అయస్కాంత క్షేత్రంతో ముడిపడింది), చుట్టూ ఏముందో దానికి పెద్దగా పట్టదు. 612 దగ్గరి ఎరుపు ఎలక్ట్రిక్ డైపోల్‌ది (విద్యుత్ క్షేత్రంతో ముడిపడింది). యూరోపియం చుట్టూ సౌష్ఠవం తగ్గేకొద్దీ అది బలపడుతుంది. ఈ రెండింటి నిష్పత్తి నీ గాజుల్లో దేంట్లో పెరిగింది, ఎందుకు పెరిగింది? ఇదే నీ టాక్. దీనికి పనికిరాని స్లైడ్ ఎంత కష్టపడి చేసినదైనా తీసెయ్.

395 నానోమీటర్ల యూవీ టార్చ్ తీసుకెళ్లు. లైట్లు ఆర్పమని, గాజు మీద వెయ్యి. ఎర్రగా వెలుగుతుంది. (ఎవరి కళ్లలోకీ కొట్టకు.) వెనక వరుసలో న్యూక్లియర్ ఫిజిక్స్ వాళ్లు కూడా తల ఎత్తి చూస్తారు.

ప్రశ్న వస్తే ముందు దాన్ని నీ మాటల్లో నెమ్మదిగా తిరిగి చెప్పు. సరిగ్గా అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది, ఆలోచించుకోవడానికి నాలుగు క్షణాలూ దొరుకుతాయి. కొలవనిది కొలవలేదని చెప్పడానికి సిగ్గుపడకు.

ప్రశ్న అడిగినవారు:
అక్కా, 9 స్లైడ్లకు దించాను. వేరే ల్యాబ్ జూనియర్‌కి చెప్పి చూపిస్తే 11 నిమిషాల 40 సెకన్లు పట్టింది. టార్చ్ వేయగానే తను గాజు చేతిలోకి తీసుకుని, ఇదెలా పోస్తారని అడిగాడు. కరిగిన గాజును పోసే ఇత్తడి పలక గురించి తెలుగులోనే మొత్తం చెప్పేశాను. ఆ శాంపిల్ అంచున పగులుంది, ఎనీలింగ్ (నెమ్మదిగా చల్లార్చడం) సరిగ్గా కాలేదు. రేపు ఫర్నేస్ ఖాళీగా ఉంది, ఇంకొకటి పోస్తాను.