‘సైడు ఒగ్గీసి ఎలిపోనాడు’: ఫుల్‌బ్యాక్‌ని ఇలా అనొచ్చా?

ప్రశ్న: మా శ్రీకాకుళంలో ఫుట్‌బాల్ ఆడేటప్పుడు ఫుల్‌బ్యాక్ (వెనక ఒక పక్క కాపు కాసేవాడు) బంతి తీసుకుని అవతలి గోల్ దాకా వెళ్లినప్పుడు మన మీద గోల్ పడిందంటే, గట్టు మీద కూర్చున్నవాళ్ల నోట వచ్చే మాట ఇదే. ‘ఒగ్గీడం’ అంటే ఉత్త వదలడమేనా, అందులో తిట్టు కూడా ఉందా? మ్యాచ్ రిపోర్టులో వాడదామని అడుగుతున్నాను.

జవాబు: వదలడమే మాస్టారూ. ‘ఆ గొడవ ఒగ్గీ’ అంటే అందులో తిట్టేమీ లేదు. ‘పిల్లల్ని ఒగ్గీసి ఎలిపోనాడు’ అంటే మాత్రం ఉంది. చూసుకోవలసినదాన్ని వదిలేస్తేనే నింద. (తలొగ్గడం, చెవి ఒగ్గడం అర్థం వేరు, వాటిని ఇందులో కలపకండి.)

కాబట్టి ముందుకెళ్లిన ప్రతి ఫుల్‌బ్యాక్‌నీ ఈ మాట అనేస్తే అన్యాయం. 1970 వరల్డ్ కప్ ఫైనల్లో ఇటలీ మీద బ్రెజిల్ నాలుగో గోల్ కొట్టింది రైట్‌బ్యాక్ కార్లోస్ అల్బెర్టో. కుడివైపు ఆడాల్సిన జైర్జిన్యో ఎడమకి జరిగిపోయాడు. అతన్ని కాయాల్సిన ఇటలీ లెఫ్ట్‌బ్యాక్ ఫకెట్టి వెంటే పోయాడు. దాంతో ఆ వార అంతా బీడు. పీలే తాపీగా బంతిని అటు దొర్లించాడు, వెనకనుంచి పరుగున వచ్చిన అల్బెర్టో దాన్ని ఆపకుండానే బాదాడు. ఇప్పుడు చెప్పండి, సైడు ఒగ్గీసిందెవరు? దాడికి వెళ్లినవాడా, చెప్పిన మనిషిని బుద్ధిగా కాసినవాడా?

లివర్‌పూల్‌కి రైట్‌బ్యాక్‌గా ఆడిన ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నల్డ్‌ని చూస్తే మాత్రం నాకూ ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది. 2019–20లో లివర్‌పూల్‌కి లీగ్ టైటిల్ వచ్చింది, అతని అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాసులు) 13. డిఫెండర్‌కి అది మామూలు లెక్క కాదు. కానీ అప్పట్లో అవతలివాళ్లు పొడుగు బంతి వేసిందీ అతని వెనకాలే. మధ్యలో ఆడే హెండర్సన్ అటు జరిగి కాపు కాసి ఉంటే, సైడు అప్పజెప్పి వెళ్లాడనాలి. కాసేవాడు లేనప్పుడు వెళ్లి, బంతి పోయాక నడుచుకుంటూ వచ్చాడా, అది ఒగ్గీడమే.

ఇంకొకరు: అయితే వెనకే ఉండి కాసే ఫుల్‌బ్యాక్ వాన్-బిసాకా లాంటివాడే నయం కదండీ? కాలు చాపి టాకిల్ వేశాడంటే అంచు వెంట దూసుకొచ్చే వింగర్‌కి దారి ఉండదు.

జవాబు: టాకిల్ వరకూ ఒప్పుకుంటాను. కానీ ఫుల్‌బ్యాక్ కదలకపోతే ముందున్న మన వింగర్ ఒక్కడూ ఇద్దర్ని దాటాలి. చూస్తూ చూస్తూ వాణ్ణి బలిపెట్టడమే. మ్యాచ్ మొదలయ్యేటప్పుడు నాకు వెళ్లేవాడే కావాలి. ఒక్క గోల్ ఆధిక్యంతో చివరి పది నిమిషాలు నెట్టుకురావాలంటే మాత్రం వాన్-బిసాకాని దింపుతాను, అందులో మొహమాటం లేదు.

మీ రిపోర్టులో ఆ మాట వాడండి, హెడ్డింగులో పెట్టినా బాగుంటుంది. కాకపోతే గోల్ పడ్డప్పుడు ఆ వైపు హాఫ్ (మధ్యలో ఆడేవాడు) ఎక్కడున్నాడో ఆడినవాళ్లని ఒకసారి అడిగి రాయండి.