ప్రభుత్వ శాఖలో ఐటీ పెద్ద కుర్చీ ఎవరికివ్వాలి: ఐఏఎస్‌కా, బయటి టెక్కీకా?

హన్మకొండ చౌరస్తా:
సూటిగా అడుగుతున్నా. ఇప్పుడు ఏ శాఖ తీసుకున్నా పనంతా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తోంది. రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లు, రేషన్, స్కాలర్‌షిప్, ఏదైనా సరే. మరి ఆ సాఫ్ట్‌వేర్ మీద ఆఖరి సంతకం ఎవరిది? చాలా చోట్ల ఒక ఐఏఎస్‌ది, అదీ అదనపు బాధ్యతగా. నిన్నటిదాకా పశువుల ఆస్పత్రులు చూసినాయన ఇవాళ డేటా సెంటర్ చూస్తాడు, సర్వర్‌కూ స్టోరేజీకీ తేడా తెలిసేలోపు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వస్తుంది. ఈ పోస్టును బయటివాళ్లకు తెరవాలని నా వాదన. ఇరవై ఏళ్లు పెద్ద సిస్టమ్స్ కట్టినవాళ్లను మార్కెట్ జీతమిచ్చి ఐదేళ్ల కాంట్రాక్టు మీద తేవాలి. 2009లో ఆధార్ సంస్థ యూఐడీఏఐకి ఇన్ఫోసిస్ నందన్ నీలేకనిని తెచ్చారు, ఆధార్ నిలబడింది కదా. మీరేమంటారు?

పరకాల పిలగాడు:
మార్కెట్ జీతం అంటే ఎంతన్నా? హైదరాబాద్‌లో ఆ స్థాయి మనిషి ఏడాదికి కోటికి తక్కువ రాడు. చీఫ్ సెక్రటరీ మూలవేతనమే నెలకు 2,25,000. ఆయన కింద పనిచేసేటాయనకు అంతకు మూడింతలు ఇస్తమంటే ఆ ఫైలు ఫైనాన్స్ గడప దాటుతదా?

రిటైర్డ్ సూపరింటెండెంట్:
నీలేకని పేరు చెప్పేవాళ్లంతా ఆ కథలో సగమే చెప్తారు. ఆయన ఛైర్మన్, క్యాబినెట్ హోదా ఇచ్చి కూర్చోబెట్టారు. పక్కన మొదటి డైరెక్టర్ జనరల్‌గా ఉన్నది ఆర్.ఎస్. శర్మ, జార్ఖండ్ క్యాడర్ ఐఏఎస్. ఆ హోదా లేకపోతే, పక్కన ఆ ఐఏఎస్ లేకపోతే రాష్ట్రాలు ఆయన మాట వినేవా? మన దగ్గరే చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టిన 'కార్డ్' ప్రాజెక్టు 1998 నాటిది. దాన్ని నడిపిన జె. సత్యనారాయణ ఐఏఎస్సే, తర్వాత యూఐడీఏఐకి ఛైర్మన్ కూడా అయ్యారు. కాబట్టి ఐఏఎస్‌లకు టెక్నాలజీ రాదనే మాట చెల్లదు.

బయటినుంచి వచ్చినవాళ్లకు రానిది ఫైలు. నేను పనిచేసిన శాఖ పేరు చెప్పను. పెద్ద కంపెనీ నుంచి ఒకాయన్ని సలహాదారుగా తెచ్చారు. తెలివైనవాడు, అందులో అనుమానం లేదు. ఒక మార్పు కావాలంటే కంపెనీవాళ్లకు వాట్సాప్‌లో 'ఓకే, గో అహెడ్' అని పెట్టాడు. వాళ్లు పని చేసేశారు, బాగానే చేశారు. బిల్లు వచ్చాక చూస్తే పరిపాలనా అనుమతి లేదు, ఫైనాన్స్ సమ్మతి లేదు, నోట్ ఫైలులో ఒక్క ముక్క లేదు. ఆడిట్ పేరా, అంటే అభ్యంతరం, పడింది. ఆయన కాంట్రాక్టు ముగించుకుని వెళ్లిపోయాడు, మెమో మాత్రం మా సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంట్ పిల్లకు వచ్చింది. ఆ అమ్మాయి జవాబు రాయలేక ఏడుస్తుంటే ఆ వివరణ నేనే డ్రాఫ్ట్ చేసి ఇచ్చాను.

మడికొండ ఐటీ:
సార్, నమస్తే. ఆ అమ్మాయికి జరిగింది అన్యాయమే. కానీ నేను బల్లకు అవతలి వైపు చాన్నాళ్లు కూర్చున్నవాణ్ని, అంటే టెండర్ గెలిచిన కంపెనీ తరఫున. అక్కడి సంగతి చెప్తా వినండి. సాఫ్ట్‌వేర్ అప్పగించే ముందు శాఖవాళ్లు పరీక్షించి సంతకం పెట్టాలి కదా. ఒక హాల్లో కూర్చోబెట్టి, సమోసా, చాయ్ ఇచ్చి, నాలుగు స్క్రీన్లు చూపిస్తాం. టెస్ట్ డేటాలో పేర్లన్నీ 'ఏబీసీ', 'టెస్ట్ టెస్ట్'. బ్యాంకు ఖాతా మారితే ఎవరు ఆమోదించాలి, ఒకే ఆధార్‌తో రెండు దరఖాస్తులు వస్తే ఏ లాగ్‌లో కనపడుతుంది, బ్యాకప్ నిజంగా తిరిగి ఎక్కుతుందా లేదా, ఇవి ఒక్కరూ అడగలేదు. ఫాంట్ చిన్నగా ఉంది, ముఖ్యమంత్రి ఫొటో పక్కకు జరపండి అన్నారు, సంతకం పెట్టారు. డేటాబేస్ అడ్మిన్ పాస్‌వర్డ్ మా టీమ్‌లో ఇద్దరి దగ్గర ఉండేది, శాఖలో ఎవరి దగ్గరా లేదు. మాకు అది చాలా సుఖం. ఏఎంసీ, అంటే ఏటా నిర్వహణ కాంట్రాక్టు, రెన్యువల్ టైమ్‌లో రేటు మేం ఎంతంటే అంత. ఫైలు తెలిసిన ఆఫీసర్లు అక్కడ నిండుగా ఉన్నారు సార్, ఈ ప్రశ్నలు అడిగేవాడే లేడు.

కాజీపేట జంక్షన్:
ఇద్దరూ రెండు కొసలు పట్టుకుని లాగుతున్నరు. రైల్వేను చూడండి. తన సాఫ్ట్‌వేర్ పనికి క్రిస్ అనే సంస్థను 1986లో పెట్టుకున్నది, రైల్వే ఆఫీసర్లే దాన్ని నడుపుతరు. టికెట్ అమ్మినోళ్లు, చార్ట్ తీసినోళ్లు, ఆర్ఏసీ ఎట్ల కదులుతదో చేత్తో చేసి చూసినోళ్లు. 1999 కల్లా ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ రిజర్వేషన్ కేంద్రాలు ఐదూ కలిసిపోయినయ్. బయటి మేధావి అవసరం పడలే. కంపెనీలకు పనులిచ్చినరు, తాళం మాత్రం ఇంట్లనే ఉంచుకున్నరు.

హన్మకొండ చౌరస్తా:
పొద్దున పది గంటలకు తత్కాల్ కోసం సైటు తెరిచి చూడు అన్నా, ఆ తాళం ఎంత గట్టిదో తెలుస్తుంది.

కాజీపేట జంక్షన్:
ఆ రద్దీకి ఏ సైటైనా మూలుగుతది తమ్మీ. ఆగినప్పుడు ఎవరిని లేపాలో రైల్వేకు తెలుసు. మన శాఖలకు అది కూడా తెల్వదు.

భూపాలపల్లి బిడ్డ:
రెండు మాటలు. ఒకటి, చౌరస్తా అన్నా, మీరు ఐదేళ్ల కాంట్రాక్టు అని తేలిగ్గా అన్నారు. 2024 ఆగస్టు 17న యూపీఎస్సీ 45 లేటరల్ ఎంట్రీ పోస్టులకు, అంటే బయటివాళ్లను నేరుగా పై పోస్టుల్లోకి తీసుకోవడానికి, ప్రకటన ఇచ్చింది, మూడు రోజులకే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కారణం అందులో రిజర్వేషన్ కోటా లేకపోవడం. శాఖకొక పోస్టు, అదీ ఒంటరి పోస్టు అంటే కోటా వరుస చూపే రోస్టర్ ఉండదు. చివరికి గచ్చిబౌలి నుంచి ఎవరొస్తారో, ఎవరికి దారి దొరకదో మనకు తెలియనిదా?

రెండోది, మీరంతా మనిషి గురించే మాట్లాడుతున్నారు. భూ రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబర్ 29న మొదలైంది. తప్పు పడితే మొదట్లో తహసీల్దార్ స్థాయిలో సరిదిద్దే వీలు ఉండేది కాదు, కలెక్టర్ దాకా పోవాల్సి వచ్చేది. రెవెన్యూ కోర్టులు ఆ ఏడాది చట్టంతోనే పోయాయి. నిర్వహణ ముందు ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేది, 2024 చివర్లో కేంద్ర ఐటీ సంస్థ ఎన్ఐసీకి ఇచ్చారు, 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అప్పీలు మళ్లీ పెట్టారు. చట్టంలో అప్పీలే లేనప్పుడు ఐటీ పెద్ద ఎంత మొనగాడైతే మాత్రం స్క్రీన్ మీద ఆ బటన్ ఎక్కడినుంచి తెస్తాడు?

మడికొండ ఐటీ:
అక్కా, బటన్ తేలేడు, ఒప్పుకుంటా. కానీ 'సరిదిద్దే దారి లేకుండా దీన్ని మొదలుపెట్టొద్దు' అని నోట్ ఫైలులో రాయగలడు. తేదీ ప్రకటించాక, ఫ్లెక్సీలు కట్టాక ఆ మాట రాయడానికి గుండె కావాలి. నా దృష్టిలో ఐటీ పెద్దకు ఉండాల్సిన అసలు అధికారం అదే, మొదలుపెట్టడాన్ని ఆపగలగడం. మిగతావన్నీ కింది ఇంజినీర్లు చేసుకుంటారు.

రిటైర్డ్ సూపరింటెండెంట్:
ఇప్పుడు దారికొచ్చావు బాబూ. మరి ఆ మాట రాసేదెవరు? కాంట్రాక్టు మనిషిని నెల నోటీసుతో పంపించేస్తారు. ఐఏఎస్‌ను రాత్రికి రాత్రి మారుస్తారు. ప్రతి జిల్లాలో ఎన్ఐసీ అధికారి ఉంటాడు, కానీ 1976 నుంచీ అది కేంద్రం సంస్థ, మన శాఖ మీద ఆయనకు పెత్తనం లేదు. ఈ-డిస్ట్రిక్ట్ మేనేజర్ అయితే పాపం కాంట్రాక్టు ఉద్యోగి, ప్రజావాణి రోజు ప్రింటర్ పనిచేయకపోయినా ఆయన్నే పిలుస్తారు. రాయాలంటే శాఖలోనే పుట్టి పెరిగిన పర్మనెంట్ ఐటీ క్యాడర్ ఉండాలి. కరెంటువాళ్లలో ఏఈగా చేరినాయన చీఫ్ ఇంజినీర్ దాకా అదే సంస్థలో ఉంటాడు, లైను ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది.

పరకాల పిలగాడు:
2019లో రెండు రాష్ట్రాల కరెంటు సంస్థల కంప్యూటర్ల మీదనే కదా సార్, తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ పడ్డది? మన నక్కలగుట్ట విద్యుత్ భవన్‌ది కూడా అందులనే ఉండె. పర్మనెంట్ క్యాడర్ ఏం ఆపింది?

రిటైర్డ్ సూపరింటెండెంట్:
దాడిని ఎవరూ ఆపలేరు నాయనా. 2022 నుంచి కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నిబంధన ఉంది, ఇలాంటిది తెలిసిన ఆరు గంటల్లో వాళ్లకు చెప్పాలి. రాత్రి రెండింటికి సర్వర్ లాక్ అయితే, పొద్దున ఎనిమిదిలోపు ఎవరు చెప్తారు? అదనపు బాధ్యతలో ఉన్నాయన అప్పటికి నిద్రే లేవడు. కాంట్రాక్టు కంపెనీ ముందు తన లాయర్‌కు ఫోన్ చేస్తుంది.

హన్మకొండ చౌరస్తా:
సరే సార్, క్యాడర్ మాట ఒప్పుకుంటా, కానీ పదేళ్లు పడుతుంది. ఈలోపు? క్యాడర్ కట్టే పని కూడా తెలిసినవాడే చేయాలి కదా, ఆ ఒక్కణ్ని బయటినుంచి తేవాలంటా నేను. మూడేళ్లు చాలు. పాస్‌వర్డ్‌లు, సోర్స్ కోడ్ శాఖ చేతికి రాకుండా ఏ ఏఎంసీ మీదా సంతకం పెట్టనని చెప్పే అధికారం జీవోలోనే రాసివ్వాలి. పక్కన మీలాంటి ఫైలు తెలిసిన సూపరింటెండెంట్ ఒకాయన్ని డిప్యుటేషన్ మీద వేయాలి.

భూపాలపల్లి బిడ్డ:
ఆ జీవోలో ఇంటర్వ్యూ బోర్డులో ఎవరుంటారో కూడా రాయమనండి అన్నా. లేకపోతే టెండర్ గెలిచే కంపెనీ పాత ఉద్యోగే ఆ కుర్చీలో కూర్చుంటాడు.

మడికొండ ఐటీ:
అక్కా, అది నన్నే అన్నట్టుంది. 🙂 నిజమే, రెండేళ్లు ఆ కంపెనీ బిల్లుల మీద సంతకం పెట్టకూడదని ఒక లైను చేర్చాలి. చౌరస్తా అన్నా, డ్రాఫ్ట్ మొదలుపెట్టు, కలిపి రాద్దాం.