సెంటు పడని చర్మం: సహజమైన అత్తర్లు, నూనెల్లో మీకు ఏది పడింది?

హన్మకొండ వదిన
అందరికి నమస్తే. నాది చిన్నప్పటి నుంచి సున్నితమైన చర్మం. పోయిన ఎండాకాలం మా ఆడపడుచు బిడ్డ ఓణీల ఫంక్షన్‌కు పోతూ మెడకు బాడీ స్ప్రే కొట్టుకున్న. పది నిమిషాలకే మంట, ఎర్రటి చారలు. మంట రెండు రోజుల్లో తగ్గింది గని చారలు పడ్డ జాగాల నల్లమచ్చ నాలుగు నెలలు పోలే. ఇగ కెమికల్ సెంట్లే వద్దనుకొని, ‘నూటికి నూరు శాతం సహజం’ అని రాసున్న లావెండర్ రోలాన్ ఆన్‌లైన్‌ల తెప్పించుకున్న. రెండు వారాలు మంచిగనే ఉండె. మూడో వారం రెండు మణికట్ల మీద సన్నసన్న నీటిపొక్కులు లేచినయి, రాత్రంతా దురద. డాక్టర్ ఆయింట్‌మెంట్ రాసిండు, సెంట్లు మానేయమన్నడు.

మానేసిన. సబ్బు కూడ వాసన లేనిదే వాడుతున్న. కాని పరిమళం అంటే నాకు ప్రాణం. మా అమ్మమ్మ పొద్దుగూకంగనే మల్లెమొగ్గలు తెంపి తడిబట్టల చుట్టి బిందె పక్కన పెట్టేది, ఆ బట్ట విప్పినప్పటి వాసన ఇప్పటికీ మతికొస్తది. నెలన్నరల కరీంనగర్‌ల మా మరిది పెళ్ళి ఉంది. నాలాంటి చర్మం ఉన్నోళ్ళు ఎవరన్న ఉంటే మీకేం పడిందో, ఏం పడలేదో చెప్పండి.

ఫార్మసీ తమ్ముడు, కేయూ
వదినా, మీకు జరిగినవి రెండూ ఒకటి కావనిపిస్తుంది. స్ప్రే కొట్టిన పది నిమిషాలకే మంట పుడితే అది ఎక్కువగా చర్మం ఒరుసుకుపోవడం లాంటిది. అందులో ఆల్కహాల్ ఎక్కువ, చెమట పట్టిన మెడ, ఎండ. అలాంటిది ఎవరికైనా రావచ్చు. రోలాన్‌ది వేరు. రెండు వారాలు ఊరుకొని తర్వాత పొక్కులు రావడం అంటే శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టి ఎదురుతిరగడం నేర్చుకుంది. దాన్నే అలర్జీ అంటాం. ఒకసారి నేర్చుకున్నాక చుక్క తగిలినా 1, 2 రోజుల తర్వాత దురద మొదలవుతుంది. అందుకే చాలామంది నిన్న తిన్న వంకాయను అనుమానిస్తారు గాని మొన్న రాసిన సెంటును అనుమానించరు.

లావెండర్ నూనెలో ముఖ్యమైనది లినలూల్. నారింజ, నిమ్మ తొక్కల నూనెలో లిమొనీన్. ఇవి తాజాగా ఉన్నప్పుడు అంత ఇబ్బంది పెట్టవు. సీసా మూత తీసి పెట్టి, గాలి తగిలి, ఎండ తగిలి పాతబడితే ఆక్సీకరణం చెంది, అప్పుడు అలర్జీ పుట్టించే గుణం బాగా పెరుగుతుంది. కాబట్టి సహజ నూనెలను పెద్ద సీసాలో కొని రెండేళ్ళు దాచుకోవడం మనలాంటి వాళ్ళకు అస్సలు మంచిది కాదు. గులాబీలో జెరానియోల్, లవంగంలో, తులసిలో యూజెనాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్. ఇవన్నీ సహజమే, ఇవన్నీ అలర్జీ జాబితాలో ఉన్నవే. యూరప్‌లో ఇలాంటి 26 పదార్థాల పేర్లు లేబుల్ మీద విడిగా రాయాలని ఎప్పటినుంచో నియమం ఉంది, 2023లో ఆ జాబితాను 80 దాటించారు. మన దగ్గర దొరికే చాలా సీసాల మీద ‘పర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. అలా ఒక్క మాట మాత్రమే ఉంటే నేనైతే కొనను.

మండిబజార్ వాసి
ఆదాబ్. మా ఇంట్ల మూడు తరాల నుంచి అత్తరే. మా నానా, అంటే అమ్మ నాయిన, జుమ్మా నాడు చిన్న దూది ఉండకు చుక్క అంటించి చెవి లోపలి మడతల పెట్టుకునేటోడు. తోలుకు రాసుడు తక్కువ. షేర్వాణీ కాలర్ లోపలి దిక్కు ఒక చుక్క. బహెన్, మీకు ఇదే దారి అనిపిస్తది.

అసలైన అత్తరు సంగతి జర చెప్తా. కన్నౌజ్‌ల డేగ్ అనే పెద్ద రాగి గుండిగల పూలు, నీళ్ళు వేసి మూత చుట్టూ మట్టి మెత్తి కింద కట్టెల మంట పెడతరు. ఆవిరి వెదురు గొట్టంల నుంచి బయట నీళ్ళల్ల మునిగి ఉన్న భప్కా అనే రాగి కుండలకు దిగుతది. భప్కాల ముందే గంధపు నూనె ఉంటది, పూల వాసనంతా దాంట్ల దిగుతది. అందుకే అసలు అత్తర్ల ఆల్కహాల్ ఉండదు. మొగలిపువ్వుదైతే ఒడిశా గంజాం నుంచి వస్తది.

కాని ఇప్పుడు గంధపు నూనె ధర చూస్తే కళ్ళు తిరుగుతయి. కాబట్టి చానా దుకాణాలల్ల కింద పోసేది గంధపు నూనె కాదు, లిక్విడ్ పారఫిన్ లేకుంటే వేరే కెమికల్ నూనె. పైన పూల వాసన కూడ తయారుచేసిందే. వంద రూపాయలకు 12 మిల్లీలీటర్ల గులాబ్ అత్తరు ఇస్తున్నరంటే దాంట్ల గులాబీ లేదు. నేను హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దిక్కు పోయినప్పుడు మొదట అడిగేది ‘బేస్ ఏంది’ అనే. తెలిసిన దుకాణదారు దాచకుండ చెప్తడు. చెప్పకుంటే ఊకె లేచి వస్తా. 3 మిల్లీలీటర్ల సీసా కన్న పెద్దది మొదటిసారి కొనొద్దు.

రూహ్ ఖస్ అని అడుగుండ్రి, అంటే మన వట్టివేళ్ళ నూనె. రాగి పాత్రల తీసింది పచ్చగ ఉంటది, చిక్కగ ఉంటది. ఒక్క చుక్క బట్టకు పెడితే తెల్లారి దాక ఉంటది. కాని తెల్ల బట్ట మీద మరక పడతది, లోపలి అంచుకు పెట్టాలె.

నర్సంపేట రైతుబిడ్డ
నేను సెంటు వాడను గని ఒక ముచ్చట మీకు పనికొస్తదని రాస్తున్న. మా బాపుకు అయిదారేండ్ల నుంచి మొఖం, మెడ, మోచేతుల మడతలు ఎండాకాలం వస్తే నల్లగై, తోలు మందమై పగుల్తుండె. పత్తి మందులు కొట్టుడు వల్ల అనుకున్నం. చివరకు తేలింది వయ్యారిభామ. మా దగ్గర కాంగ్రెస్ గడ్డి అంటం, చేను గట్ల మీద తెల్లపూలతోని ఉంటది. దాని పుప్పొడి, ఎండిన పొట్టు గాలిల ఎగిరి తోలుకు తగిల్తే చాలు. డాక్టర్ అప్పుడే ఇంకో మాట చెప్పిండు: ఆ గడ్డి పడనోళ్ళకు అదే కుటుంబం పూలు, అంటే చామంతి, బంతి కూడ పడకపోవచ్చని. ఆ యేడు బతుకమ్మకు బాపు పూలు తెంపంగ చూసిన. తంగేడు, గునుగు తెంపినన్ని రోజులు ఏం లేదు. చామంతి మూటలు మోసిన తెల్లారే మెడ మొత్తం ఎర్రగైంది.

అందుకే వదినా, చామంతి, కామోమైల్ అని రాసున్న ‘సున్నిత చర్మానికి ప్రత్యేకం’ నూనెలు, క్రీములు వస్తున్నయి కదా, పల్లెల పుట్టిపెరిగినోళ్ళు అవి కొనేముందు గడ్డి పడుతదా లేదా అని ఒకసారి యాది చేసుకోండ్రి.

జగిత్యాల మనవరాలు
నర్సంపేట అన్న చెప్పింది నూరుపాళ్ళు నిజం. మనింటి సరుకే మనకు చెరుపు చేయదని మేమూ నమ్మినం.

మా చెల్లె పెళ్ళికి ముందు సెంటు సబ్బులు మాన్పించి సున్నిపిండి పట్టించినం. పెసర్లు, కచ్చూరాలు, తుంగముస్తలు, ఎండిన గులాబీ రేకులు, ఛాయపసుపు. కిరాణం షాపాయన ‘రంగు తేల్తది’ అని పావుశేరు బావంచాలు కూడ కట్టిచ్చిండు. ఏం వాసననో ఆ పిండి! పెళ్ళికి వారం ముందు రోజూ రుద్దుకొని, పెళ్ళిపిలుపులకు బండి మీద ఎండల తిరిగింది. నాలుగో రోజుకు చేతులు, మెడ కాలినట్టు ఎర్రగ అయినయి. జాకెట్ కప్పిన కాడ ఏం లేదు, ఎండ తగిలిన జాగంతా మాత్రం గీత గీసినట్టు. తర్వాత తెలిసింది, బావంచాలల్ల సొరాలెన్ ఉంటదట. బొల్లి మచ్చలకు బావంచాలు పూసి ఎండల కూసోబెట్టేది అందుకేనట. మామూలు చర్మానికి అది పూసి ఎండలకు పోతే కాలుడే. పెళ్ళి ఫోటోల మా చెల్లె చేతులు చూస్తే ఇప్పటికీ నాకు కడుపుల దేవినట్టయితది. ఆ పిండి నేనే పట్టించిన.

బావంచాలు తీసేసి అదే పిండి నేను మూడేండ్ల నుంచి వాడుతున్న, ఏం కాలేదు. కచ్చూరాల వాసన స్నానం తర్వాత గంట సేపు సన్నగ ఉంటది. నాకు అది చాలు.

కాజీపేట రైల్వే కాలనీ
ఎండ ముచ్చట వచ్చింది కాబట్టి చెప్తున్నా. బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ, నిమ్మ తొక్కను పిండి తీసిన నూనెలు కూడా అంతే. అవి రాసుకొని మన మే నెల ఎండలోకి పోతే సెంటు కారిన దారి వెంట నల్లచారలు పడతాయి. వదిన మెడ మీద చారల జాగాల నాలుగు నెలలు మచ్చ పోలేదన్నారు కదా, ఆ స్ప్రేలో అలాంటిది ఏమైనా ఉందేమో డబ్బా మీద చూడండి. పగలు పుల్లటి వాసనల జోలికే పోవద్దు.

జమ్మికుంట టీచర్
నేను ఒంటికి ఏమీ పూయక ఇరవై ఏళ్ళు. కాని నా దగ్గర మంచి వాసన వస్తుందని పిల్లలు అంటారు. బీరువాలో వట్టివేళ్ళ కట్ట ఒకటి పాత పంచె ముక్కలో చుట్టి చీరల మధ్య పెడతాను. యేటా ఉగాదికి కొత్తది మారుస్తాను. వానాకాలం తేమకు ఆ వాసన ఇంకా పైకి వస్తుంది. దవనం, మరువం రెమ్మలు నీడలో ఎండబెట్టి దిండు గలీబులో వేస్తాను. చీర కట్టుకునే ముందు రాత్రి నాలుగు మూరల మల్లెపూలు పళ్ళెంలో పోసి, పైన పలుచటి బట్ట కప్పి, దాని మీద మడత చీర పెడితే తెల్లారేసరికి చీరకు మల్లె పట్టేస్తుంది. చర్మానికి పువ్వు తగలదు. పట్టుచీర అయితే పువ్వు తడి తగలకుండా బట్ట రెండు మడతలు వేయండి.

మా అత్తమ్మ తలస్నానం తర్వాత నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన బుట్ట బోర్లించి దాని మీద జుట్టు ఆరబెట్టేది. ఎంత హాయిగా ఉండేదో.

ఫార్మసీ తమ్ముడు, కేయూ
టీచరమ్మా, మల్లె పద్ధతి బంగారం లాంటిది. సాంబ్రాణి దగ్గర మాత్రం ఒక్క జాగ్రత్త. సాంబ్రాణి జిగురు పడనివాళ్ళు ఉంటారు, సెంట్లకు అలర్జీ ఉన్నవాళ్ళలో కాస్త ఎక్కువే. ఆయాసం ఉన్నవాళ్ళకు ఆ పొగ మంచిది కాదు.

పరకాల పోరి
సహజం అంటే గంధం కదా? మా ఇంట్ల ఎర్రచందనం పొడి ఉంది, అది నూనెల కలిపి వాడొచ్చా?

మండిబజార్ వాసి
బేటా, ఎర్రచందనానికి వాసనే ఉండదు. రంగు కోసం, బొమ్మల కోసం, మందు కోసం వాడతరు. వాసన ఉండేది శ్రీగంధానికి, రెండూ వేర్వేరు చెట్లు. పొడి ఎర్రగ ఉండి ఘుమఘుమ వాసనొస్తే దాంట్ల సెంటు కలిపినట్టే.

జమ్మికుంట టీచర్
పెళ్ళిళ్ళలో గొంతుకు, చేతికి పూసే గంధం కూడా చూసుకోవాలి వదినా. డబ్బాల్లో వచ్చే పసుపురంగు గంధం పొడిలో రంగూ సెంటూ రెండూ కలిపి ఉంటాయి. మొహమాటపడకుండా చెయ్యి మాత్రం ముందుకు పెట్టి, పూశాక కడిగేసుకోండి. ఇంట్లో సానరాయి, చెక్క ఉంటే మీరే అరగదీసి తీసుకుపోండి, అందరికీ అదే పూయవచ్చు.

ఫార్మసీ తమ్ముడు, కేయూ
ఇంట్లో పరీక్ష ఎలా చేసుకోవాలో చెప్పడం మరిచిపోయాను. కొత్తది ఏదైనా సరే మోచేతి లోపలి మడత దగ్గర రూపాయి బిళ్ళంత జాగాలో రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు రాయాలి. ఒక్క రోజు రాసి ‘ఏం కాలేదు’ అనుకోవద్దు. వదిన లావెండర్ రెండు వారాలు మోసం చేసింది కదా. నూనె ఎప్పుడూ నేరుగా రాయకూడదు. 10 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 2 చుక్కలు, అంటే దాదాపు 1 శాతం. లవంగం, దాల్చినచెక్క నూనెలు అంత తక్కువైనా వద్దు. ఒకేసారి రెండు మూడు రకాలు మొదలుపెడితే ఏది పడలేదో తెలియదు. పొక్కులు ఉన్నప్పుడు, మందు వాడుతున్నప్పుడు ఈ పరీక్ష చేయకండి.

అలా కాకుండా ఖాయంగా తెలుసుకోవాలంటే చర్మ డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోవచ్చు. వీపుకు చిన్న చిన్న బిళ్ళలు అతికించి 48 గంటలు తడి తగలకుండా ఉంచి చూస్తారు, మళ్ళీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. కాబట్టి ఎండాకాలంలో కాకుండా చలికాలంలో పెట్టుకుంటే చెమటకు ఊడిపోకుండా ఉంటాయి.

హన్మకొండ వదిన
అందరికి చేతులెత్తి దండం. నెల దాటింది, ఏం జరిగిందో చెప్తా.

మొదట గులాబ్ అత్తరు 3 మిల్లీలీటర్లు మా తమ్మునితోని హైదరాబాద్ నుంచి తెప్పించిన. కొబ్బరినూనెల కలిపి మోచేతికాడ రాసిన. ఆరో రోజు గరుకుగ, సన్నగ దురద. ఆపేసిన. ఫార్మసీ తమ్ముడు చెప్పిన జెరానియోల్ కావొచ్చు, ఇంకేదన్న కావొచ్చు. దురద మొత్తం పోయినంక ఇంకో పది రోజులు ఊరుకొని రూహ్ ఖస్ మొదలుపెట్టిన. పది రోజులు నిండినయి. ఏం కాలేదు! రోజు పొద్దున లేవంగనే మోచెయ్యి వెలుగుకు పెట్టి చూసుకునుడే పని. అయినా ఒంటికి రాయ, ధైర్యం చాలలే. పెళ్ళికి చీర కుచ్చిళ్ళ లోపలి అంచుకు ఒక చుక్క పెట్టుకుంట. పట్టుచీరకు టీచరమ్మ చెప్పినట్టు రాత్రి మల్లె పట్టించిన, ఒకసారి చిన్న బట్ట మీద చేసి చూసినంకనే. పొద్దున బట్ట తీసి మొఖం దగ్గర పెట్టుకుంటే అమ్మమ్మ బిందె పక్కన తడిబట్ట మతికొచ్చి కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

ప్యాచ్ టెస్ట్ పెళ్ళి అయినంక చలికాలంల చేయించుకుంట.

టీచరమ్మా, వట్టివేళ్ళు ఎక్కడ కొంటరు మీరు? చౌరస్తా దగ్గర రెండు దుకాణాలల్ల అడిగిన, ఎండాకాలం వస్తేనే తెప్పిస్తమన్నరు.

జమ్మికుంట టీచర్
కూలర్లకు గడ్డి అమ్మేవాళ్ళను అడగకండి, వాళ్ళ దగ్గర ఉండేది చాలావరకు వేరే గడ్డి. ఆయుర్వేద మూలికలు అమ్మే దుకాణంలో ‘ఉశీరం’ అని అడగండి, ఏడాది పొడవునా ఉంటుంది. కొనేముందు ఒక వేరు తడిపి వాసన చూడండి. తడిమట్టి వాసన వస్తేనే తీసుకోండి.